ఒక తొట్టిలో రెండు కత్తులు

నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు అద్దాల మేస్త్రి. కొలతకు వెళ్లిన ఇంట్లో ఆడవాళ్లు ఏ అద్దం బాగుంటుంది, ఎన్నాళ్లు మన్నుతుంది అని ఏవేవో అడిగేవాళ్లు. ఆయన టేపు చుట్టి జేబులో వేసుకుని, పెన్సిలు చెవి మీద దోపుకుని, "ఎల్లుండి" అనేవాడు. అన్ని ప్రశ్నలకూ జవాబు అందులోనే వెతుక్కోవాలి. ఎల్లుండి అన్నవాడు ఎల్లుండే వచ్చేవాడు. తెచ్చిన అద్దం చట్రంలో గోరు పట్టే సందు లేకుండా కూర్చునేది.

ఆయనకు గొప్పలు రెండే. ఒకటి తన చేతులు. బతుకంతా అద్దం కోసినవాడి అరచేతుల్లో ఒక్క అద్దపు గాటు లేదు. తోటి పనివాళ్లు తమ చేతులు పక్కన పెట్టి చూసుకుని నిట్టూర్చేవాళ్లు. రెండోది ముందుగదిలో గోడ పొడవునా ఉన్న ఉప్పునీళ్ల చేపల తొట్టి. దాని అద్దం తనే కోసి, తనే అతికాడు. అడుగున తెల్ల ఇసుక, మీద గుహలు గుహలుగా పేర్చిన రాళ్లు, ఆ రాళ్ల మధ్య దొర.

దొర అంటే ఊదారంగు టాంగ్ చేప. తోక మాత్రం పసుపు. పక్కనుంచి చూస్తే కంచమంత, ఎదురుగా చూస్తే కంచం అంచంత. టాంగ్ జాతి పశువుల్లాంటిది. పొద్దున్నించి సాయంత్రం దాకా రాళ్లమీది నాచు మేస్తూనే ఉంటుంది. తినేది గడ్డే గాని బుద్ధి పులిది. తోక మొదట్లో అటొకటి ఇటొకటి మంగలికత్తి మడిచిపెట్టినట్టు విషపు ముల్లు ఉంటుంది. కోపం వస్తే ఆ కత్తి విప్పి తోకతో ఒక్క విసురు విసురుతుంది. అలాగని అన్నిటితోనూ తగువు పెట్టుకోదు. చిన్నాచితకా చేపలు తన ముక్కు ముందు తిరిగినా పట్టించుకోదు. తన పోలిక ఉన్నవాణ్ని, తను తినేదే తినేవాణ్ని చూస్తేనే దానికి ఒళ్లు మంట. మనుషుల్లో మాత్రం? కూలివాడు షావుకారును చూసి ఏడవడు, పక్క కూలివాణ్ని చూసి ఏడుస్తాడు.

మేస్త్రికి ఆ పక్కవాడు ఎవరంటే తోడల్లుడు. మేస్త్రి భార్యకు ఒక్కతే చెల్లెలు, ఆ చెల్లెలి మొగుడు. ఫ్రిజ్‌లు, చల్లమిషన్లు బాగుచేస్తాడు, వాటిలో గ్యాసు నింపుతాడు. నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని వీధివీధంతా అతన్ని గ్యాసు తమ్ముడు అనేది. అనిపించుకుని అతనూ నవ్వేవాడు.

ఆ నవ్వంటేనే మేస్త్రికి కడుపుమంట. ముందు అల్లుడైంది తను. అత్తగారింట్లో తలుపులకూ కిటికీలకూ అద్దాలు బిగించింది తను. తర్వాతెప్పుడో గ్యాసు తమ్ముడు వచ్చి, గడపలో చెప్పులు విప్పకముందే ఏదో అన్నాడు, ఇల్లంతా పగలబడి నవ్వింది. ఆ రోజునుంచీ అత్తగారు పోయేవరకూ ఆ ఇంట్లో అతను కొత్తల్లుడే. వెంట్రుకలు నెరిసినా కొత్తల్లుడే. మంచం ఎక్కిన చివరి రోజుల్లో ఆవిడ, "కొత్తల్లుడు రాలేదేం, కాసేపు నవ్వుకునేదాన్ని" అంది. పక్కన మందుసీసా పట్టుకు నిలబడింది మేస్త్రి. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. లోపల దాచుకుని అప్పుడప్పుడూ తీసి చూసుకునేవాడు.

చేపల పిచ్చి గ్యాసు తమ్ముడికి మేస్త్రి ఇంట్లోనే అంటుకుంది. మేస్త్రి తొట్టి ఎండాకాలంలో వేడెక్కి చేపలు రొప్పుతుంటే అతనే నీళ్లను చల్లబరిచే ఓ చల్లమిషను తెచ్చి బిగించాడు. మేస్త్రి "ఊఁ" అన్నాడు. తర్వాత తనూ ఓ తొట్టి పెట్టుకుంటానన్నాడు. మేస్త్రి మనసులోనే కొలతలు వేసుకున్నాడు, ఏ మందం అద్దం, ఏ పక్క ఎంత అని. అడుగుతాడని ఎదురుచూశాడు. ఒకరోజు భార్య వచ్చి, చెల్లెలి ఇంటికి బజారునుంచి కొత్త తొట్టి దిగిందట, బల్లా దీపాలూ అన్నీ కలిపే వచ్చాయట అని చెప్పింది. మేస్త్రి అన్నం కలుపుకుంటూ ఉన్నవాడు కలుపుకుంటూనే ఉన్నాడు. ముద్ద నోట్లోకి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. అద్దాలవాడు ఇంట్లో ఉండగా బజారు తొట్టి.

ఆ తొట్టి నిరుడు వానల్లో పగిలింది. పగలడమంటే పగలడం కాదు, మూల అతుకు విడిపోయి నీళ్లన్నీ కింది వాటా వాళ్ల పడకమీద పడ్డాయి. వాళ్లతో మాటలు పడి, నేల తుడిచి, గ్యాసు తమ్ముడు ఓ మూత బకెట్టు పట్టుకుని మేస్త్రి గడపలో నిలబడ్డాడు. బకెట్టు మీద గాలిపంపు బుడబుడమంటోంది.

"అన్నయ్యా, నా పిల్లలకి కాస్త నీడ ఇయ్యి. నా తొట్టి నన్ను ముంచేసింది."

మేస్త్రికి లోపల ఏదో తీయగా కదిలింది. అబద్ధం ఎందుకు, సంతోషమే. పైకి మాత్రం, "అతుకు ఎవడేశాడు?" అన్నాడు. అంతకంటే పొడుగు మాట ఆయన ఆ నెలలో అనలేదు.

బకెట్టులో చిన్న చేపలతో పేచీ లేదు. అవి తొట్టిలో పడి కలిసిపోయాయి. పేచీ అంతా ఒక్కదానితోనే. అదీ టాంగే, దొరకంటే బెత్తెడు పెద్దది. ఒంటినిండా ముగ్గుకర్రతో గీసినట్టు నీలిచారలు, తోక మొదట్లో కత్తి ఉన్నచోట నిప్పుకణికలాంటి మచ్చ. బకెట్టు మూత తీయగానే మేస్త్రి భార్య కుట్టుమిషను దగ్గరినుంచి లేచి వచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను అదే గదిలో కిటికీకి ఎదురుగా ఉంటుంది. తొట్టి అటు, కిటికీ ఇటు కావడంతో ఏళ్ల తరబడి మొగుడూ పెళ్లాం ఒకరి వీపుకొకరు వీపు పెట్టి కూర్చున్నారు. ఆవిడ వంగి చూసి, "అబ్బ, ఎంత ముచ్చటగా ఉంది. కొత్తల్లుడే వచ్చాడు మన ఇంటికి" అంది.

ఆ పేరు అక్కడే స్థిరపడిపోయింది. ఆ పేరు మేస్త్రికి ఎక్కడ గుచ్చుకుందో ఆవిడకు తెలియదు.

రెండు టాంగుల్ని ఒక్కసారిగా కలిపితే పాతది కొత్తదాన్ని చంపేస్తుంది. ఇది మేస్త్రికీ తెలుసు, తమ్ముడికీ తెలుసు. కొన్నాళ్లు మధ్యలో అద్దం పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి. చూసి చూసి విసిగిన తర్వాత తెర తీయాలి. అద్దం పని కాబట్టి మేస్త్రి మారుమాట లేకుండా పూనుకున్నాడు. నీళ్లు అటూ ఇటూ పోవడానికి పలకకు వరసగా చిల్లులు పెట్టాడు, పైఅంచున వేళ్లు పట్టేందుకు రెండు నొక్కులు అరగదీశాడు, తొట్టి గోడలకు గాడులు అతికాడు. తొట్టి పొడవు కొలిచి సరిగ్గా సగానికి గుర్తు పెట్టాడు. సగం అంటే ఆయనకు సగమే, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ రాత్రి నిద్ర పట్టదు.

గ్యాసు తమ్ముడు పక్కనుంచి చూస్తూ, దొర పడుకునే పెద్ద గుహ కొత్తదాని వాటాలోకి పోతోందే అన్నాడు. రాళ్లన్నీ ఒకసారి తీసి మళ్లీ పేరిస్తే మంచిది అన్నయ్యా, ఇది నా ఇల్లు అని ఎవడికీ ఉండదు అన్నాడు. నాది పొగరుమోతు, దాన్ని తక్కువ అంచనా వేయకు అని కూడా అన్నాడు. మాటల మనిషి మాటల్లో ఏది వినాలో ఏది వదలాలో ఎవరికి తెలుస్తుంది? పైగా తన ఇంట్లో, తన తొట్టి ముందు, తనకే పాఠాలు. "సగానికి వచ్చింది" అని మేస్త్రి పలక దించాడు.

అప్పటినుంచి మొదలైంది అసలు కథ.

తమ్ముడు ఆ మొదటి రోజే వెళ్తూ వెళ్తూ ఎండు నాచు రేకొకటి వదిన చేతిలో పెట్టి, నువ్వు పెట్టి చూడు అన్నాడు. ఆవిడ నీళ్లలో వేళ్లు ముంచింది. కొత్తల్లుడు వచ్చి వేళ్లమధ్యనుంచి లాక్కుపోయింది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. మర్నాటినుంచీ పొద్దున్నే మొహం కడుక్కోగానే ఆవిడ ముందు పని అదే. కుట్టుపని మధ్యలో కూడా లేచి వచ్చి, "ఏరా కొత్తల్లుడా, ఆకలా?" అని పలకరించి పోయేది. పదేళ్లుగా ఉన్న దొరను ఒక్కనాడు పలకరించిన పాపాన పోలేదు. దొరకు మేస్త్రే క్లిప్పుతో నాచు బిగించేవాడు. దొర క్లిప్పు దగ్గరికి వచ్చేది గాని మేస్త్రి దగ్గరికి వచ్చేది కాదు.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా చారలదాన్నే చూసేవాళ్లు. ఎక్కడిదండీ ఇది అంటే ఆవిడ, మా మరిదిదండీ అనేది. మా మరిది ఇలా అన్నాడు, మా మరిది అలా చెప్పాడు. సాయంత్రం పని దిగి గ్యాసు తమ్ముడు తన చేపను చూసుకోవడానికి వచ్చేవాడు. వచ్చినవాడు ఊరికే ఉంటాడా? ఫ్రిజ్‌లో చెప్పులు దాచుకునే ముసలాయన గురించో, చల్లమిషనులో పిల్లి పిల్లలు పెట్టిన ఇంటి గురించో చెప్పేవాడు. ఆవిడ మిషను తిప్పడం ఆపి, కళ్లొత్తుకుంటూ నవ్వేది. ఆ గదిలో అంత నవ్వు ఎప్పుడూ లేదు. మేస్త్రి తొట్టి వైపు తిరిగి కూర్చుని అద్దంలో ఆ ఇద్దరి నీడలు చూసేవాడు. చేపలమీద వాళ్ల నవ్వుమొహాలు తేలుతుండేవి.

కొత్త తొట్టి నువ్వే కట్టాలి అన్నయ్యా, ఈసారి బజారుకు పోను అని తమ్ముడు అడిగాడు. మేస్త్రి "చూద్దాం" అన్నాడు. ఎల్లుండి అనలేదు. రెండోసారి అడిగినా చూద్దామే. మూడోసారి బతిమాలితే చేద్దామనుకున్నాడు గాని, తను చూద్దాం అన్నన్నాళ్లూ ఆ కొత్తల్లుడు తన ఇంట్లోనే మేస్తుందన్న సంగతి ఆయన కోపానికి తట్టలేదు. కోపానికి కళ్లుంటే ఇంకేం?

దొర మాత్రం తిండి తగ్గించింది. పొద్దస్తమానం మధ్యపలకకు ముక్కు ఆనించి అవతలికి చూస్తూ, పలక పొడవునా పైకీ కిందికీ తిరిగేది. మేస్త్రి దాన్ని చూసి మనసులో మెచ్చుకునేవాడు. అదీ పౌరుషమంటే. తెర ఒక్కటి లేకపోతే వాడి సంగతి తేల్చేస్తుంది. ఆ ఆలోచన మొదట సరదాకే వచ్చింది. తర్వాత పనిలో కూడా వచ్చింది. కోతచక్రం గీత వెంబడి గర్రుమని పోతుంటే, తెర ఒక్కటి లేకపోతే, తెర ఒక్కటి లేకపోతే అన్నట్టు వినపడేది.

ఒక మధ్యాహ్నం భార్య చెల్లెలితో కలిసి గుడ్డలు కొనడానికి వెళ్లింది. వెళ్తూ చెప్పులేసుకుని మళ్లీ విప్పి లోపలికి వచ్చింది. మేస్త్రి, ఏదో మర్చిపోయినట్టుంది అనుకున్నాడు. ఆవిడ తొట్టి దగ్గరికి పోయి చారలదానికి ఇంకో నాచుముక్క పెట్టి, "ఇదిగో, నేనొచ్చేదాకా అలగకు" అని వెళ్లిపోయింది. వెళ్లొస్తానండీ అని మొగుడికి చెప్పడం మర్చిపోయింది.

మేస్త్రి వీధితలుపు దగ్గరగా వేశాడు. చొక్కా చేతులు మడిచాడు. ఇంకా కొన్నాళ్లు ఉండాల్సిన పలకను నొక్కుల్లో వేళ్లు పెట్టి మెల్లగా పైకి లాగాడు. నీళ్లు కారుతున్న దాన్ని తీసుకెళ్లి గోడకు తలకిందులుగా ఆనించాడు. కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఏం జరుగుతుందో చూద్దామని అనుకున్నాడు. ఏం జరుగుతుందో తెలిసే కూర్చున్నాడు. కొత్తల్లుడు తేలుతుంది. అయ్యో తమ్ముడూ, దూకి అవతల పడిందిరా అంటే సరిపోతుంది.

దొర కాసేపు నమ్మలేదు. ముక్కుకు పలక తగలకపోయేసరికి ఆగి, మళ్లీ కదిలి, గీత దాటింది. దాటి తిన్నగా ఎక్కడికి వెళ్లిందయ్యా అంటే కొత్తల్లుడి మీదికి కాదు. తన గుహకు. పదేళ్లు పడుకున్న గుహ ద్వారం దగ్గరికి, ఊరినుంచి వచ్చినవాడు తాళంచెవి తీసుకున్నట్టు. మేస్త్రికి అప్పుడర్థమైంది. అన్నాళ్లూ పలకకు ముక్కు ఆనించి చూసింది పౌరుషంతో కాదు, ఇల్లు పోయిన బెంగతో. తను తొట్టిని అద్దం కొలతతో సగం చేశాడు గాని చేప కొలతతో చేయలేదు.

గుహలోనుంచి కొత్తల్లుడు బయటికి వచ్చింది. అక్కడ ఇంటివాడు ఇప్పుడు అదే. రెండూ పక్కపక్కన ఒరుసుకుని, రెక్కలు విప్పి, ఒక్క క్షణం గొడుగుల్లా నిలబడ్డాయి. తర్వాత నిప్పుకణిక గిర్రున తిరిగింది. దొర ఒంటినుంచి పొలుసులు రాలాయి. మళ్లీ తిరిగింది, ఈసారి పైరెక్క చీలింది. ఎదురుతిరగడానికి కూడా దొరకు తీరిక లేదు. రాయి చాటుకు పోతే అక్కడికీ, మూలకు పోతే అక్కడికీ. ఇంత పెద్ద తొట్టిలో దాక్కోవడానికి చోటు లేదు. చివరికి గొట్టం పక్కన మూలలో పక్కకు ఒరిగిపోయింది. ఊదారంగు వెలిసి పాతగుడ్డలా అయింది.

మేస్త్రి లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. ఒకచేత్తో పలకను అందుకుని గాడుల్లోకి దింపుతూ, రెండోచేయి మోచేతిదాకా ముంచి దొరకు అడ్డం పెట్టాడు. చారలది చేతిని చూసి వెనక్కి తగ్గింది. దొర తగ్గలేదు. బెదిరినదానికి తనవాడెవడు, పరాయివాడెవడు? మీదికొచ్చిన చేతిని చూసి కత్తి విప్పి తోక విసిరింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ తెగింది. నీళ్లలో ఎర్రగా పొగలాంటిది లేచింది. మేస్త్రి చేయి తీయలేదు. పలక అడుగంటా దిగేదాకా అలాగే ఉంచి, అప్పుడు తీశాడు.

బతుకంతా అద్దం కోసిన చేయి. అద్దం కోయని చేయి. దాన్ని చూసుకుంటూ నేలమీద కూర్చున్నాడు. మంట మొదలైంది. ఉప్పునీళ్ల మంట, విషపు మంట, అన్నీ కలిసిన మంట.

భార్య వచ్చేసరికి చేతికి పాతగుడ్డ చుట్టుకుని కుర్చీలో ఉన్నాడు. ఆవిడ సంచి కింద పెట్టి, గుడ్డ విప్పి చూసింది.

"అద్దమా?"

"అద్దమే."

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. వేడినీళ్లు తెచ్చి ఆ చేతిని అందులో పెట్టించింది, కడిగింది, మందు రాసింది. గుడ్డతో, కత్తెరతో, సూదితో బతికే మనిషి. అద్దం కోత మూసిన పెదవుల్లా సన్నగా, తిన్నగా ఉంటుంది. ఇది కురచగా, లోతుగా, చుట్టూ ఉబ్బి ఉంది. కట్టు ముడి వేస్తూ తలెత్తి తొట్టి వైపు చూసింది. నేలంతా తడి. పలక మీది వేళ్ల నొక్కులు అడుగున ఇసుకలోకి పోయి ఉన్నాయి. మేస్త్రి అద్దాన్ని తలకిందులుగా బిగించడం ఆవిడ కాపురానికి వచ్చాక చూడలేదు. మూలలో పక్కకు ఒరిగి దొర రొప్పుతోంది.

"వాణ్ని చంపిద్దామనుకున్నారా?" అంది మెల్లగా.

మేస్త్రి చేయి అలా ఆవిడ ఒళ్లోనే ఉంచేశాడు.

"నువ్వు వాడికే పెడతావు."

ఆవిడ తెల్లబోయింది. వాడంటే చేపా, మరిదా అని అడగబోయి, అడగలేదు. పాత కుట్టు విప్పుతున్నదానిలా మాట మాట వెతుక్కుని అంది.

"పదేళ్లయింది మీరు ఆ తొట్టి ముందు నాకు వీపు పెట్టి కూచుని. నా చెయ్యి పడితే నీళ్లు పాడవుతాయేమోనని నేను దగ్గరికి రాలేదు. మరిది వచ్చిన రోజే, వదినా నువ్వు పెట్టు అన్నాడు. మీరెప్పుడైనా అన్నారా ఆ ముక్క? అంటే పెట్టకపోయేదాన్నా?"

మేస్త్రి తొట్టి కేసి చూశాడు. ఆ ముక్క నిజంగానే ఎప్పుడూ అనలేదు. కట్టుకట్టిన చేయి ఉప్పునీళ్లలో ముంచే వీలు లేదు. ఎడంచేత్తో దొరను పట్టే ఓపిక లేదు. పెద్దతొట్టి కింద నీళ్లు వడగట్టడానికి పెట్టిన చిన్న తొట్టిలోకి దాన్ని మార్చాలి, తినిపించాలి, లేకపోతే తెల్లారేసరికి ఉండదు. మింగలేక కక్కలేక ఉన్నవాడు ఆఖరికి కక్కాడు.

"దొరకు... నువ్వు పెట్టు."

ఆవిడ జాకెట్టు చేతులు పైకి మడిచింది. ఆయన చెబుతుంటే గిన్నెతో దొరను నీళ్లతోపాటే తోడి కింది తొట్టిలో వదిలింది. ఆ పూట ఇద్దరూ నేలమీదే పక్కపక్కన కూర్చుని దొర మొప్పలు కదలడం చూశారు.

గ్యాసు తమ్ముడు ఎప్పటిలా సాయంత్రం వచ్చాడు. గడపలోనే ఏదో మొదలుపెట్టబోయి, దొర చిరిగిన రెక్క చూసి ఆగిపోయాడు. పైతొట్టి చూశాడు. తన చేప నిక్షేపంగా గుహలో ఉంది. అతని మొహం వాడిపోయింది. తనది పలకమీదుగా దూకి ఉంటుంది, దాన్ని ఇక్కడికి తేవడమే తప్పు, ఎంత అప్రతిష్ట తెచ్చిందీ వెధవది అని తనను తనే తిట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నయ్యా, నీ చెయ్యి కూడా దీనివల్లేనా అని కట్టు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

మేస్త్రి భార్య సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించడం అయిపోయినా ఎక్కిస్తూనే ఉంది. మేస్త్రి ఊఁ అంటే చాలు, అదీ అనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. ఊరికే కూర్చోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"అద్దం నేనే తీశా" అన్నాడు.

"నువ్వా? ఎందుకూ?"

"నీ చేప చావాలని."

గ్యాసు తమ్ముడి నోట మాట లేకపోవడం అదే మొదలు. నిలబడినవాడు స్టూలు మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నారు, చేపను బకెట్లో వేసుకుపోతాడనుకున్నారు. చివరికి అతను తలెత్తకుండానే అన్నాడు.

"బజారు తొట్టి ఎందుకు కొన్నానో తెలుసా అన్నయ్యా? నీ చేత కట్టించమని మీ మరదలు పోరింది. మా బావ చెయ్యి పడితే నూరేళ్లు అంది. మా బావ చూడండి, ఒక్క మాట జారడు, ఒక్క పని చెడడు, మీరూ ఉన్నారు వాగుడుకాయ అంటుంది. పెళ్లయినప్పటినుంచీ ఇదే పాట. ఇంట్లో నీ తొట్టి కూడా పెట్టుకుంటే పొద్దున లేస్తే దాని మొహమే చూడాలిగా. అందుకని."

మేస్త్రి అతన్ని వింతగా చూశాడు. తనను చూసి ఒకడు కుళ్లుకోవడమా? అదీ వీడు? నమ్మబుద్ధి కాలేదు. నమ్మాక మాత్రం ఒంట్లోకి వెచ్చగా ఏదో పాకింది. అది మంచి గుణం కాదని తెలిసినా కాసేపు పాకనిచ్చాడు.

"ఎల్లుండి రా" అన్నాడు. "అద్దం కోద్దాం."

ఆ తొట్టిని ఇద్దరూ కలిసే కట్టారు. మేస్త్రి కుడిచేయి పనికి రాదు కాబట్టి చక్రం ఎడంచేత్తో పట్టాడు, పలక తమ్ముడు పట్టుకున్నాడు. అతికే మందు పుల్లటి వాసన కొడుతుంటే తమ్ముడు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. కదిలితే అతుకు పోతుంది, నోరు మూసుకో అని మేస్త్రి రెండుసార్లు కసిరాడు. అన్నాళ్లూ దొర కింది తొట్టిలో మేస్త్రి భార్య వేళ్లమధ్యనుంచి తిన్నది. మొదట బెదిరేది, తర్వాత వెతుక్కుంటూ వచ్చేది. కొత్తల్లుడు తన ఇంటికి వెళ్లాక పైతొట్టిలో రాళ్లన్నీ తీసి మళ్లీ పేర్చారు. దొర పైకి వెళ్లి తన గుహ ఎక్కడుందో తెలియక రెండురోజులు తిరిగి, కొత్తదొకటి వెతుక్కుంది. చీలిన రెక్క పూర్తిగా అతుక్కోలేదు, ఓ నొక్కు మిగిలింది. మేస్త్రి చేతిమీదా ఓ నొక్కు మిగిలింది. తోటి పనివాళ్లు చూసి ఏ అద్దం అన్నయ్యా అంటే, "అద్దం కాదు" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

ఇంత జరిగినా దొర ఆవిడ చేతిలో తింటుంటే మేస్త్రికి లోపల చురుక్కుమనేది. పదేళ్లు సాకింది తను, గాటు తిన్నది తను, వాడేమో ఆవిడ వేళ్లు నాకుతున్నాడు. ఆవిడ అది కనిపెట్టి, ఇదిగో మీ వాటా అని ఓ నాచురేకు ఆయన చేతిలో కూడా పెట్టేది. మిషను ఇప్పుడు కిటికీకి అడ్డంగా తిరిగి ఉంది. ఎవరు తిప్పారో ఇద్దరూ చెప్పలేదు.

కొన్నాళ్లకు తొట్టి అతుకు చూసొద్దామని మేస్త్రి తనంతట తానే అన్నాడు. అతుకులో ఏమీ లేదని భార్యకు తెలుసు. చెల్లెలింటికి వెళ్లేసరికి కొత్త తొట్టిలో కొత్తల్లుడు మెరిసిపోతోంది. మేస్త్రి మూలమూలా వేలితో తడిమి చూశాడు. మరదలు మంచినీళ్లు ఇస్తూ, "మా బావ కట్టింది కారడమేమిటి? ఇంట్లో గట్టిగా ఉన్న వస్తువేదైనా ఉందంటే ఇదొక్కటే" అంది.

గ్యాసు తమ్ముడు నవ్వాడు గాని నవ్వు మధ్యలోనే ముడుచుకుపోయింది. తొట్టి వైపు తిరిగి చేపను చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆ మొహం అద్దంలో మేస్త్రికి కనపడింది. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాడు. ఎక్కడో ఏమిటి, ఇన్నేళ్లూ తన తొట్టి అద్దంలో రోజూ చూసుకున్నదే.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లూ ఆశ్చర్యంగా చూశారు.

"నా తొట్టి బతికింది మాత్రం తమ్ముడి చల్లమిషను వల్లే. అది లేకపోతే ఆ ఎండాకాలమే అన్నీ ఉడికిపోయేవి. అప్పుడు చెప్పలేదు."

ఆ మాటకు గ్యాసు తమ్ముడి మొహం వెలిగిపోయింది. వెలిగి ఊరుకుంటే బాగుండేది. ఆ చల్లమిషను ఎక్కడ దొరికింది, దాన్ని అక్కడినుంచి మూడంతస్తులు మోసుకు దిగుతుంటే ఎవరి కుక్క వెంటపడింది, గ్యాసు నింపుతుంటే ఎవరేమన్నారు అని మొదలుపెట్టాడు. దీపాలు పెట్టే వేళయినా అయిపోలేదు. మేస్త్రి గోడకు ఆనుకుని, నోరు విప్పినందుకు తనను తను తిట్టుకుంటూ, వింటూ కూర్చున్నాడు. కుక్క దగ్గర మాత్రం ఆయనకూ నవ్వొచ్చింది.